నెత్తురుకు కులం లేదు సరే, సీసాకు?



ఇబ్రహీంపట్నంలో రక్తదాన శిబిరం అంటే "రక్తానికి కులం లేదు" అన్న బ్యానర్ కట్టాల్సిందే. శిబిరంతో నాకు పేచీ లేదు. ఆ మాటతోనే పేచీ.

నెత్తురుకు కులం లేదని ఎప్పుడు తెలియదు? 1901లోనే వియన్నాలో లాండ్‌స్టైనర్ రక్తాన్ని గ్రూపులుగా విడదీసి చూపిండు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, రాబర్ట్‌సన్ అనే సైనిక డాక్టర్ ఓ గ్రూపు రక్తం ముందే సేకరించి, సిట్రేట్ కలిపి, ఐసులో దాచి గాయపడ్డ సిపాయిలకు ఎక్కించిండు. ఎక్కించేముందు చూడాల్సింది గ్రూపు అని అప్పటికే తేలిపోయింది.

మరి రెండో యుద్ధంలో ఏమైంది? 1940లో బాంబుల కింద నలుగుతున్న బ్రిటన్‌కు న్యూయార్క్ నుంచి ప్లాస్మా పంపే పనిని నడిపించింది చార్లెస్ డ్రూ, నల్లజాతి సర్జన్. మరుసటి ఏడాది అమెరికన్ రెడ్‌క్రాస్ నల్లవాళ్ల రక్తమే వద్దన్నది. నిరసనలు లేచినంక, 1942 జనవరిలో తీసుకుంటమన్నది, కానీ విడిగా పెడతమన్నది! హిట్లర్ జాతి పిచ్చి మీద యుద్ధం చేస్తూ సీసాల మీద జాతి రాసుకున్నరు. దీనికి సైన్సు ఆధారం లేదని డ్రూ బాహాటంగనే చెప్పిండు. వినలే. రెడ్‌క్రాస్ ఈ పద్ధతి మానింది 1950లో. లూసియానాలో ఇది 1970ల దాకా చట్టమే.

(డ్రూకు తెల్లవాళ్ల ఆసుపత్రి రక్తం ఎక్కించక చంపిందని మనోళ్లే ఫార్వర్డ్ చేస్తుంటరు. అది అబద్ధం. 1950లో కారు ప్రమాదంలో గాయపడ్డ ఆయన్ని బతికించాలని అక్కడి తెల్ల డాక్టర్లు ప్రయత్నించిన్రు. బతికున్నప్పుడు డాక్టర్ల సంఘం ఆయనకు సభ్యత్వం ఇవ్వలేదు, అది నిజం. నిజమే చాలినంత ఉన్నప్పుడు కథలెందుకు?)

అమెరికా ముచ్చట మనకెందుకంటరా? కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక పసిబిడ్డకు రక్తం కావాలని ట్విట్టర్‌లో విజ్ఞప్తి వచ్చింది. ఫలానా కులం దాతే కావాలని అందులో రాసిన్రు. గ్రూపు తెలిసినోళ్లే, ఫోను వాడేటోళ్లే. తెలియక కాదు, తెలిసే.

అందుకే "కులం లేదు" అన్న బ్యానర్ కింద నిలబడి ఫొటో దిగితే ఎవనికీ నొప్పి తగలదు. లేనిది రక్తంలో. అడిగేటోని నోట్లో ఉన్నది కదా!

విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి శిబిరం పెడితే నెత్తురు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. బ్యానర్ బదులు ఒక రిజిస్టర్ పెట్టండి: కులం అడిగే రక్తం మెసేజ్ వస్తే పంపినోని పేరుతో సహా అందరి ముందు నిలదీస్తమని. దాత, నిర్వాహకుడు, రిబ్బన్ కత్తిరించే నాయకుడు, అందరితో సంతకం పెట్టించండి. ఎవరు పెన్ను పట్టరో రాసి నాకు పంపండి.