వినికిడి పోయిన తరువాత కాక్లియర్ ఇంప్లాంట్: నిర్ణయం ఎవరిది?

మదీనా బిల్డింగ్ నుండి గుల్జార్ హౌజ్ వైపు నడిస్తే పత్తర్‌గట్టి వస్తుంది. 1908 మూసీ వరదల తరువాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమానుల బజారు ఇది. ఆటోల హారన్లు, బేరాల కేకలు ఆ రాళ్లకు తగిలి మళ్లీ చెవిలోనే పడతాయి. నోటిమాట మీదే నడిచే ఇలాంటి చోట దుకాణదారుడికి వినికిడి పోతే బ్రతుకుతెరువే కదిలిపోతుంది.

ప్రియ పాఠకులారా, మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) వల్లనో, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజెక్షన్ల వల్లనో, కారణం తెలియకుండానో పెద్దవయస్సులో వినికిడి కోల్పోయేవారున్నారు. అటువంటివారు కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకోవాలా వద్దా? ఈ విషయంలో మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం.

మామూలు వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేస్తుంది. లోపలి చెవిలోని సన్నని కణాలు చాలావరకు చచ్చిపోతే ఎంత పెద్ద శబ్దమైనా మాటగా అర్థం కాదు. ఇంప్లాంట్ ఆ కణాలను దాటి, విద్యుత్ సంకేతాలను నేరుగా వినికిడి నరానికి అందిస్తుంది. 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్రొఫెసర్ గ్రేమ్ క్లార్క్ బృందం తమ ఇంప్లాంట్‌ను మొట్టమొదట అమర్చింది కారు ప్రమాదంలో వినికిడి పోయిన ఒక పెద్దమనిషికే. కాబట్టి ఇది పసిపిల్లల ఆపరేషన్ మాత్రమే అనుకోవద్దు. వయస్సు మీరిందన్న ఒక్క కారణంతో మానుకోనవసరం లేదు.

అయితే ఆపరేషన్ బల్ల మీద నుండి లేవగానే వినబడదు. గాయం మానాక, కొన్ని వారాలకు యంత్రాన్ని ఆన్ చేస్తారు. మొదట్లో మాటలు రేకు డబ్బాలో నుండి వచ్చినట్టు ఉండవచ్చు. నెలల తరబడి సాధన చేస్తేనే అవి మాటలుగా కుదురుకుంటాయి. ఆ సాధన ఇంట్లో మాట్లాడే భాషలోనే, ఉర్దూ అయితే ఉర్దూలో, తెలుగు అయితే తెలుగులో జరగాలి. నిశ్శబ్దమైన గదిలో బాగా విన్నవారికి కూడా పత్తర్‌గట్టి రద్దీలో కష్టమే. ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడి పోవచ్చు. బ్యాటరీలు, వైర్లు, కొన్నేళ్లకు బయటి యంత్రం మార్పిడి, ఈ ఖర్చులు జీవితాంతం ఉంటాయి. న్యుమోకాకల్ టీకా ముందుగానే వేయించుకోవాలి. ఇవన్నీ చెప్పకుండా "ఆపరేషన్ చేస్తే సరిపోతుంది" అనేవారిని నమ్మవద్దు.

ఆలస్యం కూడా మంచిది కాదు. ఒక్కసారిగా చెవి వినబడకపోతే అది అత్యవసరం, ఆ రోజే డాక్టరును కలవాలి. మొదటి రెండు వారాల్లో ఇచ్చే మందులే ఎక్కువగా పనిచేస్తాయి. మెదడు పొరల వాపు తరువాత లోపలి చెవి ఎముకగా గట్టిపడి ఇంప్లాంట్‌కు దారి మూసుకుపోవచ్చు. వినకుండా గడిచిన ఏళ్లు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఇక అసలు మాట. చాలా ఇళ్లలో కొడుకులు, అల్లుళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయిస్తారు. వినబడని మనిషి పక్కనే కూర్చుని వారి ముఖాలు చూస్తుంటాడు. ఇది న్యాయం కాదు. అతనికి చదువు వస్తే ప్రతి మాటా కాగితం మీద రాసి చూపండి, రాకపోతే ఓపికగా సైగలతో చెప్పండి. మోయవలసింది అతని తల కనుక, నిర్ణయమూ అతనిదే.

డబ్బు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ ఉచితంగా చేయించింది. కేంద్రం వారి ఎడిప్ పథకం కూడా 18 ఏళ్లలోపు వారికే. ఇల్లు గడిపే మనిషికి చెవి పోతే ఆ ఇల్లంతా బాధపడుతుంది. పెద్దలకూ ఎంతో కొంత సాయం ఉండాలని మా మనవి. నగలు తాకట్టు పెట్టే ముందు మూసీ దాటి కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ పరీక్షలు చేయించి, ముందు మంచి వినికిడి యంత్రం వాడి చూడండి.

వద్దనుకున్నవారిని పిరికివారనకండి. రాత, పెదవుల కదలిక, సైగల భాష, మాటను అక్షరాలుగా చూపే ఫోన్లు వారికి తోడుంటాయి.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెవిటివానిని స్వస్థపరచే ముందు జనసమూహంలో నుండి ఏకాంతంగా తీసుకొనిపోయాడు. మన ఇంట్లో వినబడనివారికి కూడా మొదట ఇవ్వవలసింది అదే: గోలకు దూరంగా కాస్త సమయం, వారి ముఖం చూస్తూ ఒక మాట.