దోనెకు టిక్కెట్టు

వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి జలాశయానికి ఒకరోజు యాత్ర వెళ్ళివచ్చాం. ఉదయం పశువుల కొట్టం, మధ్యాహ్నం కయాకింగ్, వెంట ఒక గైడు. "బర్రెను ముట్టుకోవడానికి డబ్బులా!" అని నవ్వేవారితో నేను ఏకీభవించను. లేగదూడ నాలుక గరుకుదనానికి అదిరిపడిన మా అమ్మాయి, మరుక్షణమే మళ్ళీ చెయ్యి చాచింది. (నేనెన్ని కథలు చెప్పినా రానిది!)

నా అభ్యంతరం వేరు. గైడు పడవను పరదేశపు క్రీడగానే పరిచయం చేశాడు. కొల్లేటి లంకల్లో తాటిమాను తొలిచి చేసిన దోనెలు, రెండు దోనెలు జతకడితే సంగడి... ఈ మాటలేవీ పిల్లల చెవిన పడలేదు. తెడ్డును కూడా 'ప్యాడిల్' అనే నేర్చుకున్నారు.

తిరుగు దారిలో, బంజారా హిల్స్‌లో, ఒకప్పటి హమీద్‌ఖాన్ కుంట, అదే బంజారా చెరువు, కనబడింది.

"ఇందులో పడవలెందుకు లేవు నాన్నా?"

మురుగు వాసనకు నేనప్పటికే కారు అద్దం ఎత్తేశాను.