అంకె చూశారు, స్లైడు చూశారా?

నాలుగేళ్ల పిల్లకు ప్లేట్‌లెట్లు 14 వేలకు పడిపోయాయి, దాతలు వెంటనే రావాలంటూ ఈ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. ఆరా తీస్తే పిల్లకు జ్వరం లేదు. కాళ్ల మీద సన్నటి ఎర్రచుక్కలు, మోకాళ్ల కింద కమిలిన మచ్చలు. అంతే. మంచం మీద హుషారుగా ఆడుకుంటోందట. డెంగీ అన్నారు. కాదని పరీక్షలో తేలింది. అయినా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిందేనన్నారు, మర్నాడు బోన్ మారో తియ్యాలన్నారు. ఆ తల్లిదండ్రులు ఎంత నలిగిపోయి ఉంటారో తలచుకుంటే నాకు కోపం ఆగడం లేదు.

చివరికి ఇంకో పిల్లల డాక్టరు చూసి అది ఐటీపీ అని చెప్పాడు. జలుబో వైరల్ జ్వరమో వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత ప్లేట్‌లెట్ల మీదే దాడి చేస్తుంది. ఏటా లక్షమంది పిల్లల్లో సుమారు ఐదుగురికి వస్తుంది. నూటికి డెబ్బై ఐదు మందికి పైగా ఏడాదిలోపే కోలుకుంటారు, చాలామంది మందు లేకుండానే. తల్లిదండ్రుల గుండె ఆగేంత భయమల్లా మెదడులో రక్తస్రావం గురించే. అది నూటికి ఒకరికన్నా తక్కువమందికి జరుగుతుంది.

ఐటీపీ అని తేల్చేసే పరీక్ష ఒక్కటీ లేదు. మిగిలిన జబ్బులు కావని తేల్చుకుంటూ రావాలి. అందుకు ముందు కావలసింది డాక్టరు చేతులు. పిల్ల బట్టలు విప్పించి ఒళ్లంతా చూడాలి. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టాయా, పొట్టలో లివరు, ప్లీహం పెరిగాయా అని తడమాలి. ఎముకల నొప్పులున్నాయా, బరువు తగ్గిందా, జ్వరం వదలకుండా ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా రక్తం కారే గుణం ఉందా, ఈమధ్య ఏ మందులు వాడారు అని అడగాలి. తర్వాత సీబీపీ అనే రక్తపరీక్ష. హిమోగ్లోబిన్, తెల్లకణాలు సరిగ్గా ఉండి ప్లేట్‌లెట్లు మాత్రమే తగ్గి ఉండాలి.

ఆ తర్వాత స్లైడు. నేను ఎప్పుడూ గొడవపడేది ఈ స్లైడు గురించే. చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఒక మనిషి కళ్లతో చూడాలి. రక్తం తీసిన గొట్టంలోని ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరిలో ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి. యంత్రం ఆ ముద్దల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు, అంకె పడిపోయినట్టు చూపిస్తుంది. పిల్లకు ఏ జబ్బూ ఉండదు. స్లైడు చూస్తే ముద్దలు కనిపిస్తాయి, సిట్రేట్ గొట్టంలో మళ్లీ రక్తం తీస్తే సరైన లెక్క వస్తుంది. ప్లేట్‌లెట్లన్నీ మరీ చిన్నవిగా ఉండి, మగపిల్లవాడికి ఎగ్జిమా కూడా ఉంటే విస్కాట్-ఆల్డ్రిచ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బును అనుమానించాలి. మరీ పెద్దవిగా ఉంటే ఇంకో జన్యు జబ్బు. లుకేమియా కణాలు ఉంటే చాలాసార్లు మొదట బయటపడేదీ ఇక్కడే. ఇన్ని చెప్పే పరీక్షను వదిలేసి, ఎర్రక్షరాల్లో అచ్చయిన అంకె చూసి వణికిపోవడం ఎందుకు?

బోన్ మారో సంగతి. మామూలు లక్షణాలున్న పిల్లలకు అది అనవసరమని అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2011లోనే చెప్పింది. 2019లో కూడా, చర్మం మీద మచ్చలు తప్ప వేరే రక్తస్రావం లేకపోతే మందివ్వకుండా కనిపెట్టుకుని ఉండడమే మేలంది. అంకె 20 వేల లోపున్నా సరే. తేడాగా ఏదైనా కనిపిస్తే మాత్రం స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే మారో చూడాలి, ఎందుకంటే స్టెరాయిడ్ లుకేమియాను కొన్నాళ్లు కప్పేస్తుంది. చుక్కలు కనబడగానే ఏదో అలర్జీ అని స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ ఒక్క సూది ఖరీదు ఒక పిల్లాడి చికిత్సలో పోయిన నెలలు కావచ్చు.

ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఏమవుతుందో 1950లోనే విలియం హారింగ్టన్ అనే డాక్టరు తన ఒంటి మీద చూపించాడు. ఐటీపీ రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. గంటల్లో అతని ప్లేట్‌లెట్లు పడిపోయి, మూర్ఛ వచ్చి, ప్రాణం మీదకు వచ్చింది. ప్లేట్‌లెట్లను చంపే గుణం ఆ రక్తంలోనే ఉందని అలా తెలిసింది. బయటి నుంచి పోసిన ప్లేట్‌లెట్లకూ అదే గతి పడుతుంది. ప్రాణాంతక రక్తస్రావమైతే తప్ప వాటితో పనిలేదు. నోట్లోంచి, ముక్కులోంచి రక్తం ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉన్నా, తలకు దెబ్బ తగిలినా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, కండరానికి ఇంజెక్షన్లు వద్దు.

ఈ అంకెల భయం మనకు డెంగీ నేర్పింది. ప్రతి వానాకాలం బొప్పాయి ఆకు రసం, కివీ పళ్లు, దాతల కోసం పరుగులు. స్థిమితంగా ఉన్న డెంగీ రోగికి కూడా కేవలం అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా వినేవారు తక్కువ.

ఇక రిపోర్టు కింద సంతకం. పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం చెయ్యాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాతి నిబంధనలు చిన్న ల్యాబులకు కొంత సడలించాయి. ఇవాళ వీధి చివర రక్తం తీసి, బైకు మీద నగరానికి పంపి, స్కాన్ చేసిన సంతకంతో ఫోనుకు పీడీఎఫ్ పంపే కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. గొట్టంలో రక్తం ఎంతసేపు నిలవుంటే ముద్దలు అంత పెరుగుతాయి. ఆ సంతకం చేసిన మనిషి స్లైడు చూశాడా అని అడిగే హక్కు డబ్బు కట్టిన తండ్రికి లేదా? ప్లేట్‌లెట్లు తక్కువొచ్చిన ప్రతి రిపోర్టులో స్లైడు ఎవరు చూశారు, ఏం కనిపించింది అన్న రెండు వాక్యాలు తప్పనిసరి చెయ్యాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఖాళీగా ఉన్న పాథాలజిస్టు పోస్టులు నింపాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులనూ అడుగుతున్నాను, వచ్చే వానాకాలంలోపు ఈ రెండు పనులు చేస్తారా?