పచ్చబొట్టు పచ్చిగా ఉండగా మద్యమా?

మొగల్తూరు: తీర్థాల్లో పచ్చబొట్టు పొడిపించుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. వెనుకటి రోజుల్లో ఎరుకల స్త్రీలు వీధుల వెంట తిరిగి, దీపపు మసిలో ఆకుపసరు కలిపి సూదులతో పొడిచేవారు. నేడు సూదుల స్థానంలో బ్యాటరీ మిషను వచ్చింది. దానితోపాటు ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది. నొప్పి తెలియకుండా ముందొక గ్లాసు, పని పూర్తయిందన్న సంతోషంతో తరువాత మరో రెండు గ్లాసులు పుచ్చుకోవడం యువకులకు పరిపాటి అయింది.

ఇక్కడి రొయ్యల చెరువు మీద పనిచేసే ఒక కుర్రవాడు మొన్న సంక్రాంతికి మోచేతి కింద తల్లి పేరు పొడిపించుకున్నాడు. తాగి కూర్చున్నాడు, లేచి మళ్ళీ తాగాడు. మర్నాడు పట్టుబడికి పిలుపు వస్తే అదే చేత్తో చెరువులో దిగాడు. మూడోనాటికి చెయ్యి వాచి, చీము పట్టి, జ్వరం తగిలింది. సూదిమందులతో ప్రాణానికి ముప్పు తప్పింది గాని, పది రోజుల కూలి పోయింది. తల్లి పేరులో రెండక్షరాలు చెరిగిపోయాయి.

పచ్చబొట్టు అలంకారమే కావచ్చు, ఆరేవరకు మాత్రం అది గాయమే. మద్యం రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది. అందువల్ల నెత్తురు చెమర్చి రంగు నిలవదు. అతిగా తాగేవారిలో క్రిములను ఎదుర్కొనే శక్తి కూడా తగ్గుతుంది. గాయంపై మందు పోస్తే పుండు మాడుతుందన్నది మరో భ్రమ. సీసాలోని మద్యం ఆసుపత్రి స్పిరిట్ అంత ఘాటైనది కాదు. పుండును మండించడం తప్ప అది చేసే మేలు లేదు. ఇక కల్లు సంగతి చెప్పనక్కరలేదు.

ఇదేదో చిన్న విషయమని కొట్టిపారేయరాదు. అమెరికాలో 31 ఏళ్ళ యువకుడొకడు కాలిపై పచ్చబొట్టు వేయించుకున్న అయిదు రోజులకు మెక్సికో అఖాతంలో ఈతకు దిగాడు. తాగుడు అలవాటున్న అతనికి అప్పటికే కాలేయం చెడిపోయి ఉంది. ఉప్పునీటిలోని విబ్రియో క్రిమి గాయం గుండా రక్తంలో చేరింది. ఎంత వైద్యం చేసినా సుమారు రెండు నెలలకు కన్నుమూశాడు. 2017లో బి.ఎం.జె. కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రిక ఈ ఉదంతాన్ని ప్రచురించింది. విబ్రియో పేరు మన రొయ్య రైతులకు కొత్త కాదు. ఆ జాతి క్రిములు మన చెరువుల్లోనూ ఉన్నాయి. పేరుపాలెం తీరానికి సీసాలతో వచ్చి సముద్రంలో దిగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చేయవలసింది కష్టమేమీ కాదు. పొడిపించుకునే ముందురోజు నుంచి, తడి ఆరి పొక్కు కట్టేవరకు మద్యం ముట్టరాదు. రెండు మూడు వారాలపాటు చెరువులోను, సముద్రంలోను దిగరాదు. వాపు, చీము, జ్వరం కనిపిస్తే నాటువైద్యం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తాగి వచ్చినవారికి పొడిచేవారు పొడవరాదు, మనిషి మనిషికి కొత్త సూది వాడాలి. లేకుంటే కామెర్లు, ఎయిడ్స్ వంటివి అంటుకునే ప్రమాదం ఉంది.

తీర్థాల కమిటీలు, పంచాయతీలు ఈ నాలుగు ముక్కలు బోర్డు మీద రాయించి పెడితే ఖర్చెంత? ఆరోగ్య సిబ్బంది తీర్థం రోజున ఆ దుకాణాలను ఒకసారి చూసి వస్తే శ్రమెంత? కన్నతల్లి పేరు చేతిమీద కలకాలం నిలవాలని కోరుకునే కొడుకు నాలుగు రోజులు గ్లాసు పక్కన పెట్టలేడా? అధికారులు, యువకులు ఇకనైనా ఆలోచించాలి.