నాలుగు వాటాల ఇల్లు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఎక్కడ కట్టాలో మాత్రం చెప్పలేదు.

వజ్రకరూరు వాడైన నా పాత శిష్యుడొకడికి గుంతకల్లులో ఉద్యోగం. నాలుగు వాటాల మిద్దె కట్టి, ఒక వాటాలో తానుండి, తక్కిన మూడింటి బాడుగతో బ్యాంకు అప్పు తీర్చాలని అతని సంకల్పం. సొంత ఊళ్ళో తండ్రి ఇచ్చిన స్థలముంది. గుంతకల్లులో అయితే కొనాలి. "ఉన్న స్థలం వదిలి, అప్పుచేసి కొనడం ఎందుకు సార్?" అంటాడు. సబబైన ప్రశ్నే. తల్లి నగలు కూడా ఇందులోకే రానున్నవి గనుక తేలికగా జవాబు చెప్పరాదు.

స్థలానికి డబ్బు పెట్టనక్కరలేదు, నిజమే. కాని వాటా ఖాళీగా ఉంటే ఆ నష్టం ఎవరిది? వాటాకు నెలకు 5,000 రూపాయలనుకుందాం. మూడింటికి ఏడాదికి 1,80,000. ఒక్కొక్కటి రెండేసి నెలలు ఖాళీ పడితే 30,000 పోయినట్టే. సున్నం, రిపేర్లు, ఇంటిపన్ను వేరు. అద్దెకు ఎవరూ రాలేదని బ్యాంకువారు వాయిదా ఆపరు గదా! కనుక నేల కన్నా ముందు, "ఇల్లు ఖాళీ ఉందా?" అని వీధులు తిరిగే మనిషిని వెదకాలి.

తొలకరి పడగానే వజ్రాలు వెదకడానికి వజ్రకరూరు చేలలోకి ఎక్కడెక్కడి జనమో వస్తారు. వానతో వచ్చి ఎండతో పోయేవారు వాటాలు అడగరు. మండల కేంద్రం కనుక ఉద్యోగులుంటారు. వారిలో సాయంత్రం బస్సెక్కేవారు ఎందరో బస్టాండులో నిలబడి లెక్కపెట్టుకోవాలి. గుంతకల్లు 1956 నుంచి రైల్వే డివిజను కేంద్రం. బెంగళూరు, చెన్నై, ముంబై, బళ్ళారి దారులు కలిసే జంక్షను. బదిలీమీద ఒకరు పోతే మరొకరు వస్తారు. క్వార్టర్సు అందనివారికి, వేళగాని వేళ డ్యూటీ దిగే డ్రైవర్లకు స్టేషను దగ్గరి ఇల్లే ఇల్లు. అనంతపురంలో విద్యార్థులు దండిగా ఉన్నారు గాని, వేసవి సెలవులకు గదులు ఖాళీ చేస్తారు. పైగా యజమాని కూడా ఆ ఇంట్లోనే కాపురముండాలి. రోజూ అక్కడినుంచి గుంతకల్లుకు ప్రయాణమంటే మాటలా?

అన్నిటికన్నా పెద్దది నీళ్ళమాట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. స్థలం చూడడానికి కార్తీకమాసంలో కాదు, మే నెలలో వెళ్ళాలి. కుళాయి ఎన్నాళ్ళకొకసారి వస్తుందో, ట్యాంకరు ఎంత అడుగుతుందో ఆ వీధి ఆడవారిని అడగాలి. నీళ్ళు లేకపోతే బాడుగవాడు సామాను సర్దుకుంటాడు. ఇంటివాడికి ఆ సౌకర్యం లేదు.

కొనదలచిన వీధిలోనే ముందు ఒక వేసవి బాడుగకుండి చూడండి. నాలుగు నెలల బాడుగ పోతే పోయింది, నగలు దక్కుతాయి.