లంబం అంటే నిటారు కాదు

ఇంటర్ ఎంపీసీ తీసుకున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నా. సెలవుల్లో ఊళ్ళలో క్లాసులు చెప్పే సీనియర్లు కూడా చదవాలి, అసలు పేచీ వాళ్ళతోనే.

సరళరేఖల పాఠంలో రెండు గీతలు లంబంగా ఉంటే వాటి వాలుల లబ్ధం మైనస్ 1 అని బోర్డు మీద రాసేస్తారు. "తిరగేసి గుర్తు మార్చు, అంతే" అంటారు. 3/4 ఇస్తే పిల్లలు మైనస్ 4/3 అని టక్కున చెప్తారు. ఎందుకు తిరగేయాలి, ఆ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడిగితే నోరు విప్పరు. ఎంట్రన్స్‌లో అదే లెక్కని కాస్త మెలిపెట్టి ఇస్తే ఆగిపోతారు. ఆ తర్వాత "నాకు మ్యాథ్స్ రాదు" అని గ్రూపే మార్చేస్తారు. ఇంత చిన్న విషయానికి ఒక ఇంజనీరింగ్ సీటు పోవడం నాకు మింగుడు పడదు.

గళ్ళ కాగితం ఒకటి చాలు. ఒక చుక్క నుంచి కుడికి 4 గళ్ళు, పైకి 3 గళ్ళు వెళ్ళి ఇంకో చుక్క పెట్టి గీత కలపండి. వాలు 3/4. ఇప్పుడు కాగితాన్ని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పండి. గీత 90 డిగ్రీలు తిరిగింది, అంటే పాత గీతకి లంబమైంది. ఇందాక కుడికి పోయిన 4 గళ్ళు ఇప్పుడు పైకి పోతాయి, పైకి పోయిన 3 గళ్ళు ఎడమకి పడతాయి. ఎడమ అంటే మైనస్. వాలు మైనస్ 4/3. ఫార్ములా మొత్తం ఇదే.

ఇంకో చిక్కుంది. చాలామంది లంబం అంటే నిటారు అనుకుంటారు. మన కొండవాలు మీద జీలుగు చెట్టు నిటారుగానే ఉంటుంది, కానీ ఆ వాలుకి అది లంబం కాదు. వాలుకి లంబంగా కర్ర పాతాలంటే దిగువకి వంచి పాతాలి. కొండ కుడికి ఎక్కుతుంటే కర్ర ఎడమకి ఒరుగుతుంది. ఆ మైనస్‌ని పోడు దున్నినోళ్ళ పిల్లలకి ఇంతకంటే బాగా ఎలా చూపిస్తాం?

తెలుగు మీడియం నుంచి వెళ్ళినవాళ్ళకి స్లోప్, పర్పెండిక్యులర్ అన్న మాటలతోనే సగం భయం. స్లోప్ అంటే వాలే అని మొదటిరోజే చెప్పండి. ఇంట్లో కోయ, కువి, సవర, బంజారా ఏది మాట్లాడితే ఆ భాషలో వాలుని ఏమంటారో వాళ్ళనే అడగండి.

అడ్డగీత, నిలువుగీత దగ్గర మాత్రం లబ్ధం సూత్రం పనిచేయదు. అడ్డగీత వాలు 0, నిలువుగీతకి వాలు నిర్వచించలేం, సున్నాతో భాగించాల్సి వస్తుంది కాబట్టి. అయినా అవి రెండూ లంబాలే. బిట్ పేపర్లో మార్కు పోయేది ఇలాంటి చోటే.

ఇప్పుడు ఒక లెక్క. (1, 1), (5, 3), (3, 7) బిందువులు కలిపితే త్రిభుజం వస్తుంది. అందులో లంబకోణం ఏ బిందువు దగ్గరో ఫార్ములా రాయకుండా, గళ్ళు లెక్కపెట్టి చెప్పండి.