సర్ఫు ఖర్చు తగ్గాలె, కానీ ఆడోళ్ల రెక్కల మీద కాదు

పత్తి ధర, యూరియా, కరెంటు గురించి ఎప్పుడూ మాట్లాడుకునేదే. ఇయ్యాల బట్టల సర్ఫు గురించి రాస్తున్న. నవ్వకుండ్రి, చివరి దాక చదువుండ్రి.

ఎరువు బస్తా మీద యాభై రూపాయలు పెరిగితే ఊరంత లొల్లి చేస్తం. కిరాణ దుకాణంల రోజుకో పది రూపాయల సర్ఫు ప్యాకెట్ పోతే మాత్రం ఎవ్వలం లెక్క పెట్టం. నేను ఒక నెల గోడ మీద పెన్సిల్‌తోని గీతలు గీసిన. ఐదుగురం ఉన్న ఇంట్ల నెలకు 31 ప్యాకెట్లు, 310 రూపాయలు. బట్టల సబ్బులకు ఇంకో 160. మొత్తం 470. ఏడాదికి 5,640 రూపాయలు. 2025 ల పత్తి విత్తన ప్యాకెట్ 901 రూపాయలు. అంటే ఆరు ప్యాకెట్ల విత్తనం పైసలు నురగై మోరీల పోతున్నయన్నట్టు.

లెక్క చూసి మా ఇంటామెతోని "జర సర్ఫు తక్కువ వెయ్యరాదు" అన్న. ఆమె ఒక్కటే మాట అన్నది: "తక్కువ వేస్తే ఎక్కువ రుద్దాలె. రుద్దేది నువ్వా?"

నాకు జవాబు లేదు. పొదుపు పొదుపు అని మనం చెప్పేది సగం ఇట్లనే ఉంటది. పైసలు మన జేబుల మిగుల్తయి, కష్టం ఇంకొకల నడుము మీద పడ్తది. అది పొదుపు కాదు, ఖర్చును ఒకల దగ్గరి నుంచి ఇంకొకల దగ్గరికి జరుపుడు. అందుకే రుద్దుడు పెరగకుండ సర్ఫు తగ్గే తొవ్వ ఏంది అని చూసిన.

మొదటిది నీళ్లు. మన దిక్కు చాలా బోర్ల నీళ్లు గట్టి నీళ్లు, మనం ఉప్పు నీళ్లంటం. అండ్ల సున్నం ఉంటది. సర్ఫు ముందుగాల ఆ సున్నంతోని కొట్లాడి, మిగిలితేనే మురికి మీదికి పోతది. మీ నీళ్లు ఎట్లున్నయో చూసుకునుడు అల్కగ. సీసాల సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడేసి గట్టిగ ఊపుండ్రి. నురగ నిలిస్తే మంచి నీళ్లు. నురగ రాక పాలు విరిగినట్టు తెల్లగ తేలితే గట్టి నీళ్లు. వానకాలం చూరు కింద పట్టిన నీళ్లకు ఇదే పరీక్ష పెట్టుండ్రి, తేడా మీకే కనపడ్తది. మన అవ్వలు చూరు కింద గంగాళాలు పెట్టింది ఊరికెనే కాదు. భగీరథ నల్లాల వచ్చేది ప్రాజెక్టు నీళ్లు, బోరు కంటె ఎక్కువగ మెత్తగనే ఉంటయి. తాగంగ మిగిలితే బట్టలకు అవి పట్టుండ్రి.

బోరు నీళ్లే దిక్కయితే బకెట్‌కు ఒక చెంచా బట్టల సోడా ముందుగాల కలిపి, పది నిమిషాలాగి, తర్వాత సర్ఫు వెయ్యుండ్రి. సోడా సున్నాన్ని పట్టి కిందికి దింపుతది, సర్ఫు మురికికి మిగుల్తది. ఇది తినే సోడా కాదు, రెండూ వేరు. పిల్లలకు అందకుండ పెట్టుండ్రి. సోడా నీళ్లల్ల చేతులు పెట్టకుండ కట్టెతోని కలుపుండ్రి. పట్టు బట్టలకు, ఉన్ని బట్టలకు మాత్రం వాడద్దు. వాటికి కుంకుడుకాయ రసమే మంచిది. మన అడవిల దొరికే కాయ, గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొనే సరుకుల అది గూడ ఒకటి.

రెండోది దుమ్ము. గోలేటి చుట్టుపక్కల ఊర్లల్ల బొగ్గు దుమ్ము గురించి నేను చెప్పేదేమున్నది. దండెం మీద తెల్ల బట్ట ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతది. కానీ దుమ్ముకు సర్ఫు అక్కర్లేదు, నీళ్లు సాలు. సర్ఫు కావాల్సింది చెమటకు, నూనె జిడ్డుకు. చేన్ల నుంచి వచ్చిన అంగి దులిపి, ఉత్త నీళ్లల్ల ఒక్కసారి జాడిచ్చి, ఆ నల్ల నీళ్లు పారబోసినంక సర్ఫుల అరగంట నానబెట్టుండ్రి. నానుడే సగం ఉతుకుడు. మనం దుమ్ముతోనే సర్ఫుల ముంచుతం, దుమ్మంత సర్ఫును మింగుతది, మళ్ల ఇంకో ప్యాకెట్ చింపుతం. సర్ఫు ఎక్కువైతే ఇంకో కష్టం, జాడిచ్చుటానికి ఇంకో రెండు బకెట్లు తోడాలె. సరిగ పోకుంటే బట్ట బిర్రుగైతది.

మూడోది ప్యాకెట్. పది రూపాయల ప్యాకెట్ ధర ఏండ్ల సంది పదే, లోపలి గ్రాములు మాత్రం తగ్గుకుంట వచ్చినయి. కొనంగ వెనక బరువు చదువుండ్రి, పెద్ద ప్యాకెట్ గ్రాముతోని లెక్క కట్టుండ్రి. పెద్దది తెస్తే అండ్ల ఒక కొలత చెంచా వెయ్యుండ్రి. చెయ్యి పెట్టి గుప్పెడు తీసిన్నాడు పొదుపు అయిపోయినట్టే.

"అగ్గువది కొంటె సరిపాయె గదా" అంటరేమో. అగ్గువ సర్ఫు గొప్పతనం నేను కాదనను. 1969 ల గుజరాత్‌ల కర్సన్‌భాయ్ పటేల్ అనే సర్కారు కెమిస్టు ఇంటి పెరట్ల పౌడర్ కలిపి సైకిల్ మీద అమ్మిండు. అదే నిర్మా. పేరున్న పౌడర్ ధరల పావు వంతు దగ్గరికే ఇచ్చిండు. బీదోళ్ల ఇంటికి సర్ఫు వచ్చింది అట్లనే. కానీ అగ్గువ పౌడర్లల్ల సోడా పాలు ఎక్కువుంటది, చేతులు కాల్తయి. మా ఇంటామె వేళ్ల సందుల పగుళ్లు నేను ఇన్నేండ్లు చూసి గూడ చూడలే. అగ్గువది తెస్తే చేతి తొడుగులు గూడ తెచ్చియ్యుండ్రి. ఒక జత ఎన్నో రోజులొస్తది.

ఇగ అసలు ముచ్చట. పొదుపు చెయ్యద్దన్న జాగ ఒక్కటున్నది, మందు కొట్టిన బట్టలు. పత్తికి మందు కొట్టొచ్చి ఆ అంగి, లుంగీ తీసి పిల్లల బట్టల బకెట్లనే పడేస్తం. మనం ముక్కుకు గుడ్డ కట్టుకొని కొట్టిన మందును ఇంటామె ఉత్త చేతులతోని పిండుతది. ఆ బట్టలు అదే రోజు ఉతకాలె, వేరే బకెట్ల, వేడి నీళ్లల్ల, సర్ఫు సరిపడ వేసి, చేతులకు తొడుగులు వేసుకొని. ఆరేసుడు గూడ ఎండల, వేరేగ. ఆ నీళ్లు బాయి దిక్కు, పశువుల తొట్టి దిక్కు, వాగు దిక్కు పోవద్దు. కలపని చిక్కటి మందు పడి తడిసిన బట్టనయితే ఉతికినా నమ్మద్దు, పారెయ్యాలె.

ఇంకొకటి గూడ అంటున్న. మందు కొట్టినోడే ఆ బట్టలు ఉతకాలె. నేను మొదలుపెట్టిన. మొదటి రోజు పక్కింటోళ్లు నవ్విండ్రు. నవ్వనీ. ఆ విషం నేను తెచ్చిన, నేనే కడుగుత.

రెండు నెలల సంది ఇట్ల చేస్తున్నం. సోడా, పెద్ద ప్యాకెట్, సబ్బులు అన్ని కలిపి నెలకు 270 దాటుతలేదు. 200 మిగిలింది. రుద్దుడు పెరిగిందా అని ఇంటామెను అడిగిన. "పెరగలే, నీ మందు బట్టలు పోయినయి గదా" అన్నది. పైసలు మిగిలినందుకు కాదు, నాకు ఆ మాటకు సంతోషమైంది.

మీ ఇంట్ల గూడ ఒక నెల గోడ మీద గీతలు గీసి చూడుండ్రి. గీతలు మీరే గీయుండ్రి, ఆ పని గూడ ఆమెకు చెప్పకుండ్రి.